వెనక బల్ల మీద ఈమూ అడుగులు

ఈమూ పక్షిని నేను మొదటిసారి చూసింది ఆస్ట్రేలియాలో కాదు, ఏలూరు అవతల. మా మేనమామ కోళ్లు పెంచి విసిగి, ఎవరి మాటో నమ్మి, అర డజను ఈమూలు తెచ్చి రొయ్యల చెరువు పక్కన కంచె కట్టి వదిలాడు. వాటిలో ఒకటి కంచె దూకి రోడ్డెక్కి భీమవరం బస్సుతో పందెం వేసిందనీ, కండక్టరు దానికి అర టిక్కెట్టు కొట్టాడనీ చెబుతుంటాను. రోడ్డెక్కడం వరకూ నిజం. మిగతాది నేను పెట్టిన తాలింపు. మా ఇంట్లో నన్ను కోతలరాణి అనేవారు.

ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉంటున్న క్లైడ్ నార్త్‌లో మా వీధివాళ్లు బార్బీ, అంటే బార్బెక్యూ, పెట్టుకున్నప్పుడల్లా, సాసేజీలు కాలేలోగా నా చేత ఒక కథ చెప్పించుకుంటారు. అందులో నా చదువు రోజుల నాటి గుడి కథ ఒకటి. దాన్ని పదిమందికి పది రకాలుగా చెప్పాను. ఇక్కడ రాస్తున్నది తాలింపు వెయ్యనిది. చప్పగా ఉంటే సర్దుకోండి.

అడిలైడ్‌లో మాసన్ లేక్స్ అనే చోట, యూనివర్సిటీకి పది నిమిషాల నడకలో, మూడు గదుల ఇంట్లో ఉండేదాన్ని. ఐదుగురం ఆడపిల్లలం. ఐదుగురం అన్న మాటేగానీ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవడం అరుదు. ఒకరికి పొద్దున క్లాసు, ఒకరికి మధ్యాహ్నం షిఫ్టు, ఒకరు వచ్చేసరికి ఒకరు పడక. ఫ్రిజ్ మీద అంటించిన చీటీలతోనే కాపురం. "పాలు అయిపోయినయి." "నా పెరుగు తిన్నదెవరు?" నేను ఆ చీటీలకు కూడా జవాబులు రాసేదాన్ని, ఎవరైనా తిరిగి రాస్తారేమోనని. పెరుగు తిన్నది పెరట్లో చెట్టు మీద ఉండే పోసమ్ అనే పిల్లిలాంటి జంతువనీ, చెంచా కూడా కడిగి పెట్టి వెళ్లిందనీ అరపేజీ రాశాను. మూడు రోజుల తరవాత కింద ఎవరో "ఓకే" అని రాశారు. కోతలు కోసే మనిషికి అంతకు మించిన శిక్ష లేదు.

మన తెలుగు క్రైస్తవుల సహవాసం ఒకటి ఆదివారం సాయంత్రాలు సిటీలో కూడేది. ఆశగా వెళ్లాను. ఆరాధన అయ్యాక టీ దగ్గర ఒక ఆంటీ నా భుజం మీద చెయ్యేసి ఆప్యాయంగా అడిగింది.

"ఏ ఊరమ్మా మీది?"

"నరసాపురం దగ్గరండీ."

"దగ్గరంటే? ఊళ్లోనేనా, పేటా?"

"లంకలో అండీ. వరదొస్తే ఊరూ పేటా అన్నీ గోదారే."

ఆంటీ నవ్వింది. నేనూ నవ్వాను. గండం గడిచిందనుకున్నాను. తరవాతి వారం ఆవిడే మళ్లీ వచ్చి, "మీ నాన్నగారి ఇంటిపేరు ఏంటన్నావ్?" అంది. నేను ఇంటిపేరు అనలేదు, అందుకే అడుగుతోంది. మూడో వారం నుంచి వెళ్లడం మానేశాను.

ఆ మూడో వారమే ఉత్తరానికి వెళ్లే రైలెక్కి, చివరి స్టేషన్లో దిగి, బస్సు మారి, ద్రాక్షతోటలు మొదలయ్యే చోట ఒక చిన్న ఊళ్లో నీలపు రాతి చర్చి ఒకటి చూసుకున్నాను. మా వైపు చర్చిని గుడి అనే అంటాం. మా కరీంనగర్ రూమ్మేట్ ఒకతి ఆదివారం పొద్దున నాకు ఎదురుపడితే విస్తుపోయేది.

"ఏందే, ఆదివారం సుత నిద్రపోవా? ఒక్క ప్రేయర్ కోసం రెండు గంటల జర్నీ చేస్తవా? ఆ గుడిల నిన్ను ఎవ్వరన్న పల్కరిస్తరా?"

"ఎవరూ పలకరించరనే వెళ్తున్నానే."

"నీకు మెంటల్," అని దుప్పటి ముసుగు పెట్టేది.

నిజానికి, అక్కడ నా ఇంటిపేరు అడిగేవాళ్లు లేరని వెళ్లాను. తీరా చూస్తే పేరే అడగలేదు.

మొదటి ఆదివారం అలవాటుగా చెప్పులు గుమ్మం బయట విడిచాను. సంఘపెద్ద ఒకాయన, రిటైరైన బడిపంతులు, అవి ఎవరో పోగొట్టుకున్నారనుకుని, ప్రకటనలు చదివే వేళ రెండు వేళ్లతో ఎత్తిపట్టి, "ఇవి ఎవరివి?" అని అందరికీ చూపించారు. నేను చెయ్యెత్తాను. ఆ గుడిలో నేను పలికిన మొదటి మాట "నావే."

ముందు వరసల్లో ఖాళీలు బోలెడు ఉన్నాయి. వీపుకు ఆనుడు చెక్క, కిందకి మెత్త, చివర చెక్కుడు పువ్వులు ఉన్న బెంచీలు. నా కాళ్లు మాత్రం వాటంతట అవే వెనక్కి వెళ్లాయి. అన్నిటికన్నా వెనక, గోడ దగ్గర, ఆనుడు చెక్క లేని ఒక మొండి బల్ల ఉంది. రెండు మొద్దుల మీద ఒక పలక, అంతే. దాని మీద కూర్చున్నాను. నరసాపురం పెద్ద గుడికి వెళ్లినప్పుడు మా నాయనమ్మ గుమ్మం పక్క చాప దాటి లోపలికి జరిగేది కాదు. ఎవరూ వద్దనలేదు. జరగమని కూడా అనలేదు. నాకు ఆ చాపే అలవాటు.

రెండో ఆదివారం ఒక ముసలావిడ వచ్చి నా ముందు నిలబడింది. నల్లటి మనిషి, తెల్లటి జుట్టు, చేతిలో తోలు సంచి. ఈ నేల తెల్లవాళ్లది కాకముందు ఎవరిదో, ఆ మనుషుల్లో ఆవిడ ఒకరు. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే. నాకు గుర్తున్నంతవరకు మన మాటల్లో పెడుతున్నాను.

"అమ్మాయ్, జరుగు. అది మా ఇంటివాళ్ల చోటు."

జరిగాను. కూర్చుని, పెప్పర్‌మింట్ బిళ్ల ఒకటి నోట్లో వేసుకుని, ఇంకోటి నాకిచ్చింది. ఊరంతా ఆవిడను ఆంటీ అంటారు. వాళ్లలోనూ పెద్దవాళ్లను అలాగే పిలుస్తారట. మనకూ అలవాటేగా, నేనూ ఆంటీ అనేశాను.

"ఎక్కడ్నించి?"

"ఇండియా ఆంటీ."

"మిమ్మల్నీ వాళ్లే ఏలారుగా?"

"అవునాంటీ."

"మీ దగ్గర్నించి వెళ్లిపోయారు. మా దగ్గర ఉండిపోయారు. అదే తేడా," అని పాటల పుస్తకం తెరిచింది.

ఆ తరవాత వారానికి ఒక బిళ్ల, రెండు మూడు మాటలు. వారం మొత్తంలో నా మొహంలోకి చూసి మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. ఆ రెండు మూడు మాటల కోసం నేను వారమంతా కథలు కూడబెట్టుకునేదాన్ని. మా మేనమామ ఈమూ మీదెక్కి తాడేపల్లిగూడెం సంతకు వెళ్లేవాడని ఒకసారి చెప్పాను.

"ఎంత దూరం?"

"ఇరవై కిలోమీటర్లాంటీ."

"ఈమూ మనిషిని మొయ్యదు. మీ మేనమామని మోసినా నీ కోతల్ని అసలు మొయ్యదు," అని పకపకా నవ్వింది. ముందు వరసలోవాళ్లు తల తిప్పి చూశారు.

ఒక ఆదివారం నేనే అడిగాను. "ఆంటీ, ముందు అంత చోటుంది. ఈ మొండి బల్ల మీద నడుం పట్టెయ్యదా?"

"ఇది మాకోసమే చేయించారు, గుడి కట్టినప్పుడు. రాళ్లు మోసింది మావాళ్లు. ఆనుకుంటే నిద్రపోతారని వీపుకి చెక్క పెట్టలేదు."

"ఇప్పుడు ఎవరూ ఆపరుగా?"

"ఆపరు. వారం వారం ముందుకి రమ్మంటారు పాపం. నేను లేచి ముందుకెళితే, ఇక్కడ ఎప్పుడూ ఎవరూ కూర్చోలేదంటారు."

ఎదురుగా గోడ మీద నల్లటి చెక్క పలక ఒకటి ఉండేది. ఆ ఊరి నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లినవాళ్ల పేర్లు బంగారు అక్షరాల్లో వరసగా ఉంటాయి. పలక నెత్తిన దేశపు చిహ్నం, ఇటు కంగారూ, అటు ఈమూ, రెండింటికీ బంగారు పూత. పక్కనే కర్రకి జెండా, ఆ జెండా మూలలో ఇంకో దేశపు జెండా. ఆంటీ గడ్డంతో అటు చూపించింది.

"ఆ పిట్ట చూశావా? ఈమూ మా వంశానికి చుట్టం. చుట్టానికి బంగారం పూశారు. ఇంటాయన పేరు రాయలేదు."

"ఎవరాంటీ?"

"మా తాత. ఆయనా వెళ్లాడు ఆ యుద్ధానికి. తిరిగి రాలేదు. పేరు ఎక్కించండని మా అమ్మ అడిగింది, నేనూ అడుగుతున్నాను. రుజువు కావాలంటున్నారు. ఈసారి చూపిస్తాను," అంది. పాట మొదలైంది. ఏం రుజువని నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ లేదు.

డిసెంబరులో ఆ గుడికి నూట యాభై ఏళ్ల పండగ. అప్పటికి నాకు పరీక్షలైపోయాయి. ఇంట్లోవాళ్లు సిడ్నీ వెళ్లారు, ఇద్దరు చుట్టాలింటికి, ఇద్దరు అక్కడి హెలెన్స్‌బర్గ్ గుడిలో వెంకన్న మొక్కు తీర్చుకోవడానికి. "నువ్వు సుత రా, గుడి ఏదైతే ఏంది, పులిహోర పెడ్తరు," అని కరీంనగర్ పిల్ల పిలిచింది. వెళ్లలేదు. వాళ్లు వెళ్లాక రెండు రోజులు నా గొంతు నాకే వినిపించలేదు. ఫ్రిజ్‌తో మాట్లాడబోయి నాకే భయం వేసింది. పండగకి ముందు బెంచీలకు మెరుగు పెట్టాలి, ఎవరైనా సాయం వస్తారా అని సంఘపెద్ద అడిగారు. రెండు చేతులూ ఎత్తాను.

మా పేటలో క్రిస్మస్‌కి సున్నం పడని వస్తువు ఉండదు. డిసెంబరు మొదటివారంలో ఆడవాళ్లంతా నెత్తికి గుడ్డ చుట్టి, సున్నంలో నీలిమందు కలిపి, కొబ్బరి పీచు కుంచెలతో గుడికి వేస్తారు. మిగిలిన సున్నం ఇళ్లకి, నూతి చపటాకి, కొబ్బరిచెట్ల మొదళ్లకి. మా నాయనమ్మ మేకలదొడ్డి రాటలక్కూడా వేసేది. ప్రభువు పుట్టింది పశువులపాకలోనే, ముందు దానికి వెయ్యాలి అనేది. ఒకేడు పడుకున్న మేక్కి కూడా వేసింది. ఇది తాలింపు కాదు, నిజం. పాతది పాతగా కనిపిస్తే పండగ రాలేదని మా లెక్క. పెచ్చులూడిన గోడని అలాగే ఉంచేవాళ్లు డబ్బున్నవాళ్లు మాత్రమే.

పండగ ఇంకా ఎనిమిది రోజులుండగా, శనివారం పొద్దున్నే వెళ్లాను. ఇక్కడ డిసెంబరంటే వేసవి, నలభై డిగ్రీల ఎండ. ఉప్పుకాగితంతో రుద్దడం, తడిగుడ్డతో తుడవడం, వార్నీషు పూయడం. మధ్యాహ్నానికి మిగతావాళ్లు వెళ్లిపోయారు. సంఘపెద్ద తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఆ వెనకది వదిలెయ్యమ్మా. పండగరోజు అది అంత బాగుండదు. షెడ్డులో పెట్టేద్దాం," అన్నారు.

ఆయన వెళ్లాక ఆ మొండి బల్ల ముందు కూర్చున్నాను. షెడ్డులో పెట్టేస్తే ఆంటీ ఎక్కడ కూర్చుంటుంది? ఇది కూడా తళతళలాడితే ఎవరూ తీసెయ్యరు. రేపు వచ్చి చూసి ఆంటీ అదిరిపోవాలి. నాకు ఆ ఊళ్లో ఒక కానుక ఇవ్వాలనిపించిన మనిషి ఆవిడొక్కతే. నా దగ్గరున్న కానుక నా రెక్కలే.

బల్ల నిండా గీతలున్నాయి. మూడేసి గీతలు ఒక చోట కలిసినట్టు, పక్కపక్కన చాలా ఉన్నాయి. ఒక మూల ఏవో అక్షరాలు. వెనక బెంచీ పిల్లలు ఏ దేశంలోనైనా ఒకటే అనుకున్నాను. మా హైస్కూల్లో నా బెంచీ మీద నేను చెక్కనిదంటూ లేదు. రొయ్యల చెరువు గట్టున తడిమట్టిలో సరిగ్గా ఆ మూడు వేళ్ల అచ్చు వందసార్లు చూసినదాన్ని. ఆ రోజు పోల్చుకోలేదు. ముందు గరుకు కాగితం, తరవాత సన్నది. మూడు గంటలు రుద్దాను. క్రైస్తవ కీర్తనలు అన్నీ అయిపోయి సినిమా పాటల్లోకి వచ్చాను. లోపలి చెక్క ఎర్రగా, అందంగా బయటికొచ్చింది. మూడు పూతలు వేశాను.

ఆదివారం ఆంటీ మంచి గౌను వేసుకుని వచ్చింది. సంచిలో కెమెరా. ఆరాధన ఇంకా మొదలవలేదు. సంఘపెద్ద, ఇంకో ఇద్దరు పెద్దలు ఆవిడ వెనకే వచ్చి నిలబడ్డారు. ఆంటీ బల్లని చూసింది. కూర్చోలేదు. అరచేత్తో ఈ చివర్నించి ఆ చివరదాకా తడిమింది. మళ్లీ తడిమింది.

"ఎవరు?" అంది.

నా నోట్లో కథ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. "చెదలు ఆంటీ. కింద నుంచి పట్టేసింది. నేను చూసుకోబట్టి సరిపోయింది, లేకపోతే పొద్దుటికి..."

"చెదపురుగు వార్నీషు కూడా వేసి వెళ్లిందా?"

ఎవరూ నవ్వలేదు. "నేనే ఆంటీ. మీరు సంతోషిస్తారని."

ఆవిడ ఆ పెద్దల వైపు తిరిగి, నాకు కాకుండా వాళ్లకు చెబుతున్నట్టు చెప్పింది. అప్పుడు తెలిసింది నాకు. ఆ మూడు గీతలు ఈమూ అడుగులు. వాళ్లింట్లో ఒక్కో మనిషికి ఒక్కో అడుగు. ఆ రోజుల్లో వాళ్ల మనుషుల్ని సైన్యంలోకి తీసుకునేవారు కాదు. వాళ్ల తాత వేరే పేరు చెప్పి, వేరే ఊరు చెప్పి చేరాడు. వెళ్లేముందు చివరి ఆదివారం ఈ బల్ల మీద తన అడుగు చెక్కి, దాని కింద ఆ దొంగపేరు చెక్కాడు. ఆ దొంగపేరు సైన్యం కాగితాల్లో ఉంది, ఎక్కడో దూరదేశంలో సమాధి రాయి మీద ఉంది. ఆ పేరుగలవాడు ఈ ఊరివాడే అనడానికి లోకం మొత్తంలో ఒకటే చోటు ఉంది. దాన్ని ఈ రోజు చూస్తామనీ, కనిపిస్తే పండగకి పేరు ఎక్కిస్తామనీ పెద్దలు మాటిచ్చారు.

సంఘపెద్ద కళ్లద్దాలు తీసి వంగి చూశారు. చేత్తో తడిమారు. "అయ్యో," అన్నారు. నిజంగానే బాధపడ్డారు. తరవాత ఆయన చెయ్యి తెలియకుండానే ఆ నునుపు మీద రెండోసారి తిరిగింది. "ఎంత బాగా వచ్చిందో," అన్నారు.

ఆంటీ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నా పక్కన ఎవరూ లేరు. వార్నీషు పూర్తిగా ఆరలేదు. లేచేసరికి నా బట్టలు బల్లకి అంటుకున్నాయి.

సోమ, మంగళవారాల్లో నాకు నిద్ర లేదు, తిండి లేదు, చెప్పుకోవడానికి మనిషి లేదు. అమ్మకి ఫోను చేస్తే, "గుడికి మెరుగు పెట్టావంటే దేవుడు నీ చదువు చల్లగా చూస్తాడే," అంది. బుధవారం మధ్యాహ్నం చిరునామా కనుక్కుని ఆంటీ ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, నన్ను చూసి, తిట్టలేదు. వంటగదిలో బల్ల ముందు కూర్చోబెట్టి ఒక తెల్లకాగితం, కలం పెట్టింది.

"మా ఇంటివాళ్లు కాకుండా దాన్ని చూసిన మనిషివి నువ్వొక్కదానివే. పెద్దల ముందు పెట్టాలి. రాయి."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. రాయడమంటే నాకు భయమా? "ఆ దొంగపేరు ఏంటో చెప్పండి ఆంటీ. అక్షరం అక్షరం చదివానని రాస్తాను. ఎంత లోతు, ఏ మూల, అన్నీ రాస్తాను. వాళ్లు నమ్మి తీరాలి."

"నువ్వు చదివావా?"

"లేదు. అయినా ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"మీకు మంచిదేగా ఆంటీ!"

"అమ్మాయ్, ఈ ఊళ్లో మా గురించి చూడనివి చూసినట్టు రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పుస్తకాలు లైబ్రరీ నిండా ఉన్నాయి. నువ్వొకదానివి తక్కువయ్యావా? చూసింది రాయి."

గంటసేపు కూర్చున్నాను. ఎన్ని అడుగులున్నాయి? తొమ్మిదా, పదకొండా? కళ్లు మూసుకుంటే నాకు ఒకసారి పది కనిపించాయి, ఒకసారి ఇరవై. నా బుర్ర అప్పటికే తాలింపు పెట్టేస్తోంది. చివరికి నాలుగు వాక్యాలు రాశాను. బల్ల మీద మూడు గీతల గుర్తులు చాలా ఉండేవి. ఒక మూల అక్షరాలు ఉండేవి. నేను వాటిని చదవలేదు. నేను వాటిని రుద్దేశాను. నేను చెప్పినవాటిలో, రాసినవాటిలో అంత చిన్నది ఇంకోటి లేదు.

ఆంటీ రెండుసార్లు చదివి మడిచి పెట్టుకుంది. తరవాత వాళ్ల తాత అసలు పేరు చెప్పింది. వాళ్ల భాషలో పేరు. నేను అప్పుడే మొదటిసారి విన్న శబ్దాలు.

"యుద్ధానికి వెళ్లినవాళ్ల పేర్లు ఏటా గుడిలో చదివాక పాస్టరు ఒక నిమిషం మౌనంగా ఆగుతాడు. ఆ నిమిషంలో నేను మా తాత పేరు లోపల అనుకుంటాను. పండగరోజూ చదువుతారు. కాగితంతో పని జరగకపోతే, ఈసారి పైకి అందామని ఉంది."

పని జరగలేదు. శుక్రవారం పెద్దలు కూర్చున్నారు. నన్నూ పిలిచారు. "అక్షరాలు ఏమిటో చెప్పగలవా అమ్మా?" అని సంఘపెద్ద అడిగారు. ఆయన గొంతులో, చెప్పగలనంటే బాగుండునన్న ఆశ కూడా ఉంది. చెప్పలేనన్నాను. కాగితాన్ని ఫైల్లో పెట్టారు. చాలా విచారించారు. మంచివాళ్లే అందరూ. అదే సమావేశంలో, వెనక బల్ల ఇంత అందంగా తయారైంది కాబట్టి షెడ్డుకి పంపకూడదనీ, వేదిక ముందు పెట్టి దాని మీద పూలు అలంకరించాలనీ తీర్మానించారు. కష్టపడి మెరుగు పెట్టిన భారతీయ విద్యార్థినికి కృతజ్ఞతలని పండగ పుస్తకంలో నా పేరు అచ్చు వేస్తామన్నారు. వద్దని బతిమాలాను. "మీ వాళ్లది ఎంత అణకువమ్మా," అన్నారు. వేశారు.

శనివారం ఆంటీ ఫోను చేసింది. "నేను రావట్లేదు. పూలకుండీల మధ్యలో కూర్చోలేను. నీ నోరు పెద్దదిగా, ఆ నిమిషంలో నువ్వు అను."

ఇక్కడిదాకా బార్బీల దగ్గర కూడా దాదాపు ఇలాగే చెబుతాను. ఇక్కడే దారి మళ్లిస్తాను. అక్కడ నేను లేచి నిలబడి ఆ పేరు గుడి అదిరేలా అరుస్తాను. ఆర్గాన్ వాయించే ఆవిడ కళ్లద్దాలు జారి పడతాయి. పలక మీది బంగారు ఈమూ మెడ తిప్పి చూస్తుంది. ఈ మధ్య కంగారూ కూడా చప్పట్లు కొడుతోంది. ఇక్కడ పుట్టిన మా వీధి పిల్లలకు ఆ ముక్కంటే ప్రాణం. "ఆంటీ, డు ద ఈమూ బిట్!" అంటారు.

జరిగింది ఇది. పండగ పుస్తకంలో పేరున్నదాన్ని కదా, నన్ను తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టారు. మా వంశంలో గుడి ముందు వరసలో కూర్చున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. కింద మెత్త, వీపుకి ఆనుడు. నాకు రెండు గజాల ఎదురుగా ఆ బల్ల, దాని మీద తెల్ల లిల్లీలు, చిన్న జెండాలు. పాస్టరు పేర్లు చదివారు. ఒక్కో పేరుకి ఒక్కో కుటుంబం లేచి నిలబడింది. చివరి పేరు అయింది. నిమిషం మొదలైంది.

పేరు నా నాలుక మీదే ఉంది. నోరు తెరిచాను. పక్కన కూర్చున్న పెద్దావిడ నన్ను చూసి మెత్తగా నవ్వింది. ఇన్నాళ్లలో నన్ను చూసి ఆవిడ నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు పోతుందేమోనని భయం వేసింది. అంతే. ఇంకే కారణమూ లేదు. ఎవరూ నా నోరు నొక్కలేదు. నరసాపురం గుడిలో ముందు వరసవాళ్లు మా నాయనమ్మను లోపలికి రమ్మని ఎందుకు అనలేదో, వాళ్లకి నోరు ఎందుకు రాలేదో, నాకు ఆ మెత్త మీద కూర్చుంటే అర్థమైంది. ఆర్గాన్ మొదలైంది. నోరు మూసుకున్నాను.

ఆ పేరు ఆ పలక మీద ఇప్పటికీ లేదు.

పండగ భోజనానికి ఆగకుండా బయటపడ్డాను. ఆంటీ ఇంటికి అరగంట నడక. రోడ్డు మీద నేనూ, నా నీడా, ఈగలూ. నడుస్తున్నంతసేపూ మూడు కథలు కట్టాను. ఎండదెబ్బకి కళ్లు తిరిగి పడిపోయానని ఒకటి. పాస్టరు నిమిషం ఆగలేదని ఒకటి. అన్నాననీ, అందరూ ఏడ్చారనీ ఇంకోటి. మూడోది చాలా బాగా కుదిరింది. దానికి నాకే కన్నీళ్లొచ్చాయి.

ఆంటీ వసారాలో కూర్చుని ఉంది. మంచి గౌనే వేసుకుని ఉంది.

"అన్నావా?"

"లేదు ఆంటీ."

"ఎక్కడ కూర్చోబెట్టారు?"

"ముందు వరసలో."

"ఊఁ."

లేచి లోపలికి వెళ్లింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కెటిల్ మరిగిన చప్పుడు, కప్పులు పెట్టిన చప్పుడు వినిపించాయి. రెండు కప్పులు.

"లోపలికి రా," అంది. "ఇప్పుడు అను."

వంటగదిలో నిలబడి ఆ పేరు అన్నాను.

"అది మా తాత కాదు. ఎవరో వేరే ఆయన. ఆ మధ్యలో నాలుక వెనక్కి మడవాలి. మళ్లీ అను."

అన్నాను.

"కొంచెం నయం. ఆయన పొరుగింటాయన పేరులా ఉంది. టీ తాగి, మళ్లీ అను."